పిల్లలు లెక్కకెక్కారు, పంతుళ్లు పద్దుకెక్కలేదు

2025 మార్చి 7న సుప్రీంకోర్టులో జస్టిస్ సుధాంశు ధూలియా, జస్టిస్ కె. వినోద్ చంద్రన్‌ల ధర్మాసనం రాష్ట్రాలకూ కేంద్రపాలిత ప్రాంతాలకూ ఒక గడువు విధించింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులు ఎందరు కావాలో తేల్చి, ఆ పోస్టులను మూడు వారాల్లో ప్రకటించాలి. ఆపై పత్రికల్లో ప్రకటనలిచ్చి నియామకాలు మొదలుపెట్టాలి. ఇదే రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబర్ 28న ఇచ్చిన తీర్పు మూడేళ్లకు పైగా కాగితం మీదే ఉండిపోయిందనీ, చాలా రాష్ట్రాలు కనీసం పోస్టుల సంఖ్యనైనా ఖరారు చేయలేదనీ కోర్టు గమనించింది. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద, దినవేతనం మీద పనిచేస్తున్నవారి అర్హతలు పరిశీలించి అవకాశం కల్పించడానికి ప్రతి రాష్ట్రంలో ఒక కమిటీ వేయమని కూడా చెప్పింది.

పత్రికల్లో ఈ వార్త లోపలి పేజీలకే పరిమితమైంది. రాజకీయ పక్షాలు దాదాపు పట్టించుకోలేదు. కానీ ఆ ఉత్తర్వులో ఉన్న ఒక చిన్న మాట వెనుక యాభై ఏళ్ల చరిత్ర ఉంది. కోర్టు అడిగింది కొత్త పథకం కాదు, కొత్త భత్యం కాదు, మంజూరైన పోస్టు. వికలాంగ బాలల చదువును భారత ప్రభుత్వం 1974 నుంచి పథకంగానే నడిపింది, శాశ్వత వ్యవస్థగా ఎన్నడూ నడపలేదు. చట్టాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, తలకు ఇచ్చే రూపాయలు పెరిగాయి. డబ్బు వచ్చే దారి మాత్రం మారలేదు.

దాతృత్వం నుంచి పథకానికి

వికలాంగ బాలల విద్య జాతీయ విద్యావ్యవస్థలో అంతర్భాగం కావాలన్న ఆలోచన స్వాతంత్ర్యానికి ముందుదే. 1944 నాటి సార్జెంట్ నివేదిక దాన్ని విద్యాశాఖ బాధ్యతగా చూడాలని చెప్పింది. డి.ఎస్. కొఠారీ అధ్యక్షతన 1964లో ఏర్పడి 1966లో నివేదిక ఇచ్చిన విద్యా కమిషన్ మరింత స్పష్టంగా మాట్లాడింది. ఈ పిల్లల చదువు దయాధర్మం మీద ఆధారపడరాదనీ, సాధారణ విద్య నుంచి దాన్ని వేరుచేయరాదనీ ఆ కమిషన్ దృష్టి.

అయినా ఆ కాలంలో ప్రభుత్వ యంత్రాంగం ఈ పిల్లలను సంక్షేమ శాఖకు అప్పగించింది. 1974లో మొదలైన వికలాంగ బాలల సమీకృత విద్యా పథకం పుట్టింది విద్యా మంత్రిత్వశాఖలో కాదు, సాంఘిక సంక్షేమ శాఖలో. అది విద్యాశాఖకు మారడానికి 1982 వరకు పట్టింది. పాఠశాలలేమో రాష్ట్రాలవి, పథకం కేంద్రానిది, ఖర్చు నూటికి నూరు కేంద్రానిది. రాష్ట్రానికి దీనిలో పెట్టుబడి లేదు, కాబట్టి పట్టుదలా లేదు. కేంద్రం నుంచి డబ్బు వచ్చిన ఏడాది పథకం నడిచింది, రాని ఏడాది ఆగింది.

1992 సవరణల నాటికి ఆ పథకంలోని రేట్లు చూస్తే ప్రభుత్వం ఈ పిల్లలను ఎలా ఊహించుకున్నదో అర్థమవుతుంది. పుస్తకాలకు ఏడాదికి 400 రూపాయలు, యూనిఫారానికి 200, రానుపోను ఖర్చులకు నెలకు 50, అంధ విద్యార్థికి పుస్తకం చదివి వినిపించే సహాయకుడి కోసం నెలకు 50, తీవ్రమైన శారీరక వైకల్యం ఉన్న బిడ్డను వెంట తీసుకొచ్చే మనిషికి నెలకు 75. ఎనిమిది మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలన్న నియమమూ అందులో ఉంది. ఆ ఉపాధ్యాయుడు రాష్ట్ర శాశ్వత కొలువులో ఎలా చేరతాడో, కేంద్రం డబ్బు ఆగితే అతని జీతం ఎవరిస్తారో చెప్పే దారి మాత్రం లేదు.

1987లో యునిసెఫ్ తోడ్పాటుతో ఎన్‌సీఈఆర్‌టీ చేపట్టిన ప్రాజెక్టు ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం చేసింది. ఒక్కో పాఠశాలను కాక ఒక మండలంలోని బడులన్నిటినీ యూనిట్‌గా తీసుకుని, సాధారణ ఉపాధ్యాయులకు కూడా శిక్షణనిచ్చింది. ఎంపిక చేసిన పది ప్రాంతాల్లో ఢిల్లీ ఒకటి. ఈ పిల్లలు మామూలు బడిలో చదవగలరని ఆ ప్రాజెక్టు నిరూపించింది. అయితే ప్రాజెక్టు అంటేనే ముగింపు తేదీ ఉన్నది. గడువు తీరిన తర్వాత దాని పాఠాలు నివేదికల్లోకి వెళ్లాయి, కొలువులు మాత్రం ఏర్పడలేదు.

చట్టం చేతికొచ్చింది, సంచి రాలేదు

1995 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల చట్టం 1996 ఫిబ్రవరి 7న అమలులోకి వచ్చింది. ఆ చట్టంలో ఒక విశేషం ఉంది. రోడ్లు, రవాణా, భవనాల్లో వివక్ష తొలగించే సెక్షన్ల దగ్గర, ప్రభుత్వాల ఆర్థిక స్తోమతకు లోబడి అన్న మినహాయింపు పెట్టారు. విద్యకు సంబంధించిన 26వ సెక్షన్‌లో ఆ మినహాయింపు లేదు. వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ 18 ఏళ్లు నిండేవరకు తగిన వాతావరణంలో ఉచిత విద్య అందేలా ప్రభుత్వాలూ స్థానిక సంస్థలూ చూడాలని అది నిర్ద్వంద్వంగా చెప్పింది. అంటే డబ్బు లేదన్న సాకు చెల్లదని చట్టమే అన్నది. అయితే ఆ డబ్బు ఎవరు, ఏ నిష్పత్తిలో ఇవ్వాలో ఎక్కడా రాయలేదు.

2009 నాటి విద్యా హక్కు చట్టం ఈ ఖాళీని కొంత పూరించబోయింది. 7వ సెక్షన్ ప్రకారం నిధుల బాధ్యత కేంద్ర రాష్ట్రాల ఉమ్మడి బాధ్యత. కేంద్రం అంచనాలు తయారుచేయాలి, రాష్ట్రాలతో సంప్రదించి తన వాటా నిర్ణయించాలి. అయితే అదే సెక్షన్‌లోని అయిదో ఉపనిబంధన, కేంద్రం ఇచ్చినదాన్ని లెక్కలోకి తీసుకుని మిగతా నిధులు సమకూర్చే బాధ్యత రాష్ట్రానిదేనని తేల్చింది. కేంద్రానిది నిర్ణయించే అధికారం, రాష్ట్రానిది పూరించే విధి. ఇక వికలాంగ బాలలను 'వెనుకబడిన వర్గం' నిర్వచనంలో స్పష్టంగా చేర్చడానికి ఆ చట్టానికి 2012లో సవరణ కావలసి వచ్చింది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చి, గుర్తించిన వైకల్యాల సంఖ్యను ఏడు నుంచి 21కి పెంచింది. ఆటిజం, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందులు వంటివి అధికారికంగా ఈ జాబితాలో చేరాయి. హక్కుదారుల వలయం ఒక్కసారిగా విస్తరించింది. దానికి తగినట్టు పాఠశాల విద్యా నిధుల సూత్రం మారిందా అంటే, లేదు.

తలకు పన్నెండు వందలు

అసలు చిక్కు ఆ సూత్రంలోనే ఉంది. 2001లో మొదలైన సర్వశిక్షా అభియాన్ ఎవరినీ బడి నుంచి తిప్పి పంపరాదన్న విధానం ప్రకటించి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం తలకు ఏడాదికి 1,200 రూపాయలు కేటాయించింది. విద్యా హక్కు చట్టం తర్వాత దాన్ని 3,000కు పెంచారు. అందులో కనీసం 1,000 రూపాయలు ప్రత్యేక ఉపాధ్యాయుల నియామకానికే వాడాలని షరతు పెట్టారు. 9 నుంచి 12 తరగతుల కోసం 2009లో విడిగా వచ్చిన పథకం కూడా తలకు 3,000 రూపాయలే ఇచ్చింది.

ఈ లెక్కను కాస్త నిదానంగా చూడాలి. ఒక ప్రత్యేక ఉపాధ్యాయునికి నెలకు కేవలం 10,000 రూపాయలు ఇస్తారనుకుంటే ఏడాదికి 1,20,000 కావాలి. తలకు 1,000 చొప్పున ఆ మొత్తం రావాలంటే 120 మంది పిల్లలుండాలి. మొత్తం 3,000 రూపాయలూ ఉపాధ్యాయునికే ఖర్చుపెట్టి, బ్రెయిలీ పుస్తకానికీ చక్రాల కుర్చీకీ ఒక్క పైసా మిగల్చకపోయినా 40 మంది కావాలి. ఎనిమిది మందికి ఒకరు అన్న పాత నియమం పాటిస్తే ఆ ఉపాధ్యాయుని చేతికి ఏడాదికి 24,000, అంటే నెలకు 2,000 రూపాయలు వస్తాయి. నియమం ఒకవైపు, నిధి మరోవైపు లాగితే గెలిచేది నిధే. అందుకే ఒక్కొక్క ప్రత్యేక ఉపాధ్యాయునికి అయిదారు బడులు, కొన్నిచోట్ల మండలమంతా అప్పగించే పద్ధతి వచ్చింది. వారంలో ఒకరోజు వచ్చే మనిషిని బడి తన ఉపాధ్యాయుడిగా ఎలా చూస్తుంది?

2018లో సర్వశిక్ష, మాధ్యమిక శిక్ష, ఉపాధ్యాయ విద్యా పథకాలను కలిపి సమగ్ర శిక్షా తెచ్చినప్పుడు కొంత మెరుగుదల కనిపించింది. పూర్వప్రాథమికం నుంచి 12వ తరగతి వరకు ఒకే గొడుగు వచ్చింది. తలకు ఇచ్చే మొత్తం 3,500 అయింది. ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలల స్టైపెండు వచ్చింది. ప్రత్యేక ఉపాధ్యాయుల జీతానికి సాయం విడిగా చూపడం మొదలైంది. ఇది చిన్న మార్పేమీ కాదు. కానీ ఆ సాయం కూడా పథకంలో భాగమే. ఏటా మంజూరు కావాలి, ఏటా కొనసాగాలి.

2021-22 యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం దేశంలో బడుల్లో నమోదైన ప్రత్యేక అవసరాలున్న పిల్లలు 22.67 లక్షలు. ప్రైవేటు బడుల్లో ఉన్నవారిని కూడా కలిపి, అందరికీ గరిష్ఠంగా 3,500 చొప్పున ఇచ్చినా అది సుమారు 793 కోట్ల రూపాయలు. 2021 నుంచి 2026 వరకు అయిదేళ్లకు సమగ్ర శిక్షా మొత్తం అంచనా 2,94,283 కోట్లు, అంటే ఏడాదికి సగటున 58,800 కోట్లకు పైగా. అందులో ఈ పిల్లల తలసరి వాటా నూటికి ఒకటిన్నర రూపాయి కూడా కాదు. మరో పోలిక ఇంకా సూటిగా ఉంటుంది. ఏడో వేతన సంఘం ప్రకారం ఢిల్లీలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుని ప్రారంభ మూలవేతనం నెలకు 35,400. పదిమంది పిల్లలకు ఏడాది పొడుగునా ఇచ్చే తలసరి మొత్తం 35,000. ఆ పదిమంది ఏడాది, ఆ ఉపాధ్యాయుని ఒక నెల మూలవేతనానికి కూడా సరితూగదు.

ఢిల్లీ హైకోర్టు తెరిచిన దారి

ఈ చరిత్రలో దేశ రాజధానికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. న్యాయవాది అశోక్ అగర్వాల్ నాయకత్వంలోని సోషల్ జ్యూరిస్ట్ సంస్థ 2008లో ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ వేసింది. ఢిల్లీ ప్రభుత్వ, మునిసిపల్ బడుల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు లేరన్నది దాని ఫిర్యాదు. 2009 సెప్టెంబర్ 16న ప్రధాన న్యాయమూర్తి అజిత్ ప్రకాశ్ షా, జస్టిస్ మన్మోహన్‌ల ధర్మాసనం తీర్పునిస్తూ ప్రతి బడిలోనూ కనీసం ఇద్దరు ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలనీ, అవసరమైన బోధన సామగ్రి సమకూర్చాలనీ ఆదేశించింది. 2012 సెప్టెంబర్ 5న వచ్చిన మరో తీర్పు ఈ బాధ్యతను ప్రైవేటు బడులకూ వర్తింపజేసింది.

ఈ తీర్పు కొలమానాన్నే మార్చింది. అంతవరకు ప్రభుత్వాలు ముందు పిల్లలను లెక్కించి, లెక్కకు తగ్గ డబ్బు అడిగి, ఆ డబ్బుతో ఉపాధ్యాయులను కుదుర్చుకునేవి. బడిలో ఉపాధ్యాయుడు లేడు కాబట్టి పిల్లలు రారు. పిల్లలు లేరు కాబట్టి ఉపాధ్యాయుడు అక్కర్లేదు. ఈ విషవలయాన్ని హైకోర్టు తెంచింది. బడికి తలుపు ఎలాగో ప్రత్యేక ఉపాధ్యాయుడు అలాగే అన్నది ఆ ఆదేశపు సారం. దాంతో ఢిల్లీలో ఈ కొలువులు పథకం నుంచి ప్రభుత్వ సొంత బడ్జెట్ వైపు కదిలాయి. పోస్టులు సృష్టించి, నియామక నిబంధనలు రాసి, ఢిల్లీ సబార్డినేట్ సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు ద్వారా భర్తీ చేయడం మొదలైంది. భర్తీ నత్తనడకన సాగింది, అర్హతల మీద వివాదాలు వచ్చాయి, ప్రతి బడికీ ఇద్దరు అన్న లక్ష్యం నెరవేరలేదు. అయినా ఖాళీ అనే పదం వాడాలంటే ముందు పోస్టు ఉండాలి. ఢిల్లీ కనీసం ఖాళీల గురించి వాదించుకునే దశకు చేరింది.

అదే సమయంలో రాజధాని మరో బలహీనతను కూడా బయటపెట్టింది. ఢిల్లీలో అయిదో తరగతి వరకు చదువు ప్రధానంగా కార్పొరేషన్ చేతిలో, ఆపై చదువు విద్యా డైరెక్టరేట్ చేతిలో ఉంటుంది. న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్, కంటోన్మెంట్ బోర్డు బడులు వేరు. 2012లో కార్పొరేషన్‌ను మూడు ముక్కలు చేసిన తర్వాత తూర్పు, ఉత్తర కార్పొరేషన్లు ఉన్న ఉపాధ్యాయులకే నెలల తరబడి జీతాలివ్వలేక రోడ్డెక్కించాయి. 2022లో మళ్లీ ఒకటి చేశారు. వికలాంగ బాలుడికి అన్నిటికంటే ముఖ్యమైన మొదటి అయిదేళ్లు అన్నిటికంటే బీద సంస్థ చేతిలో ఉండటం ఎవరో కుట్ర పన్ని చేసింది కాదు. నిధుల నిర్మాణం అలా ఉంది. ఇక యమునా వంతెన దాటి నోయిడా వెళ్తే ఉత్తరప్రదేశ్ నియమాలు, సరిహద్దు దాటి గురుగ్రామ్ వెళ్తే హరియాణా నియమాలు. ఒకే మహానగర ప్రాంతం, ఒకే రకం వైకల్యం. అయినా ఇల్లు మారితే ఆ బిడ్డకు దొరికే పంతులు మారిపోతాడు.

ఢిల్లీకి ఇంకో చిక్కూ ఉంది. కేంద్రపాలిత ప్రాంతం కావడంతో ఆర్థిక సంఘం పంచే కేంద్ర పన్నుల వాటా దానికి రాదు. దాని బదులు ఇచ్చే గ్రాంటు 2001-02 నుంచి రెండు దశాబ్దాల పాటు ఏడాదికి 325 కోట్ల దగ్గరే ఆగిపోయింది. సమగ్ర శిక్షా దగ్గరకు వచ్చేసరికి మాత్రం శాసనసభ ఉన్న ప్రాంతంగా రాష్ట్రాలతో సమానంగా నూటికి 40 రూపాయలు పెట్టుకోవాలి.

భవిత కేంద్రాల పాఠం

తెలుగు రాష్ట్రాల్లో ఈ కథ భవిత కేంద్రాల పేరుతో నడిచింది. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి మండల స్థాయిలో పనిచేస్తున్న ఈ కేంద్రాలు గ్రామీణ పేద కుటుంబాలకు నిజంగా ఆసరా. మామూలు బడికి వెళ్లలేని పిల్లలకు అక్కడ ప్రాథమిక నైపుణ్యాలు నేర్పుతారు, ఫిజియోథెరపీ చేయిస్తారు, కదలలేని పిల్లల ఇళ్లకే వెళ్లి చదువు చెబుతారు. వాటిని నిలబెట్టింది తెలంగాణలో ఐఈఆర్‌పీలు, ఆంధ్రలో ఐఈఆర్‌టీలు అని పిలిచే సమ్మిళిత విద్యా సిబ్బంది. వీరిలో అత్యధికులు పథకం కింద కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవారు. ఒక్క బిడ్డకు తన పేరు తాను రాయడం నేర్పడానికి రెండేళ్లు పట్టే చోట, నేర్పే మనిషి ఉద్యోగం ఏటా రెన్యువల్ కావాలి.

కోర్టు ఒత్తిడి తర్వాత ఇక్కడా కదలిక వచ్చింది. తెలంగాణ 2024 డీఎస్సీలో ప్రకటించిన 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్లు, 796 సెకండరీ గ్రేడ్ టీచర్లు, మొత్తం 1,016 కేటాయించారు. ఆంధ్రప్రదేశ్ 2025లో 1,136 సెకండరీ గ్రేడ్, 1,124 స్కూల్ అసిస్టెంట్, మొత్తం 2,260 ప్రత్యేక విద్యా పోస్టులను మంజూరు చేసింది. డీఎస్సీ జాబితాలో ఈ వరస చేరడం పెద్ద మార్పు. ప్రత్యేక ఉపాధ్యాయుడు ప్రాజెక్టు మనిషి నుంచి ప్రభుత్వ ఉపాధ్యాయుడుగా మారే దారి అక్కడే మొదలవుతుంది. దశాబ్దాలుగా చాలీచాలని జీతంతో ఆ కేంద్రాలను మోసినవారికి ఆ పోస్టుల్లో న్యాయమైన చోటు దొరుకుతుందా అన్నది ఇంకా తేలవలసిన ప్రశ్న.

శాస్త్రి భవన్‌లో కూర్చున్న తాళం

ఏటా రాష్ట్రాల అధికారులు వార్షిక ప్రణాళికలు పట్టుకుని కేంద్ర విద్యాశాఖ ప్రాజెక్టు ఆమోద మండలి ముందు కూర్చుంటారు. అక్కడ ప్రతి అంశానికీ ఒక గడి ఉంటుంది: గుర్తింపు శిబిరాలు, ఉపకరణాలు, ఎస్కార్టు భత్యం, బ్రెయిలీ పుస్తకాలు, ఇంటి వద్ద విద్య, ప్రత్యేక ఉపాధ్యాయుల జీతం. మండలి ఆమోదించినదే మంజూరు, వాయిదాల్లో వచ్చినదే నిధి. సర్వశిక్ష తొలి రోజుల్లో కేంద్ర వాటా నూటికి 85. అది 75కు, 65కు తగ్గుతూ వచ్చింది. పద్నాలుగో ఆర్థిక సంఘం రాష్ట్రాల పన్ను వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచిన తర్వాత 60కి దిగింది. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు మాత్రం 90.

ఈ ఏర్పాటులోని రాజకీయ ప్రమాదం 2024లో బయటపడింది. పీఎంశ్రీ బడుల ఒప్పందం మీద సంతకానికి నిరాకరించిన ఢిల్లీ, పంజాబ్, పశ్చిమ బెంగాల్‌లకు కేంద్రం సమగ్ర శిక్షా నిధులు నిలిపివేసింది. తమిళనాడుదీ అదే దారి. జాతీయ విద్యావిధానంతో ముడిపెట్టి తన నిధులు ఆపారంటూ ఆ రాష్ట్రం 2025 మేలో 2,291 కోట్ల కోసం సుప్రీంకోర్టుకెక్కింది. ఒప్పందం మంచిదా చెడ్డదా అన్న వాదన ఎవరి పక్షాన వారు చేసుకోవచ్చు. ఇక్కడ గమనించవలసింది వేరు. పీఎంశ్రీ బోర్డు పెట్టుకోవాలా వద్దా అని రెండు ప్రభుత్వాలు పంతాలకు పోయినప్పుడు ఆగిపోయిన పద్దులోనే ప్రత్యేక ఉపాధ్యాయుల జీతమూ ఉంది, చక్రాల కుర్చీ కూడా ఉంది. గణితం టీచరు జీతం ఆ తగాదాలో ఆగలేదు. ఎందుకంటే అది పథకంలో లేదు.

లెక్కింపు కూడా రాజకీయమే

అమెరికా అనుభవం ఇక్కడ కొంత వెలుగునిస్తుంది. 1975 నవంబర్ 29న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ వికలాంగ బాలలందరికీ విద్యనిచ్చే చట్టం మీద సంతకం చేస్తూనే, తీర్చలేనంత హామీ ఇందులో ఉందని హెచ్చరించాడు. అదనపు ఖర్చులో సగటు తలసరి వ్యయానికి 40 శాతం దాకా ఫెడరల్ ప్రభుత్వం భరిస్తుందన్న ఆ హామీ అర్ధ శతాబ్దమైనా నెరవేరలేదు. ఇటీవలి ఏళ్లలో అది 15 శాతం లోపే. మిగతా భారం మోసే రాష్ట్రాలు రకరకాల సూత్రాలు ప్రయత్నించాయి. గుర్తించిన పిల్లల తలలెక్కన ఇస్తే ఎక్కువమందికి వైకల్యం ముద్ర వేస్తారని కొన్ని రాష్ట్రాలు మొత్తం విద్యార్థుల సంఖ్యను బట్టి ఇవ్వసాగాయి. వైకల్యం తీవ్రతను బట్టి బరువులు కట్టి ఇచ్చేవి మరికొన్ని. టెక్సస్ 2004 నుంచి 8.5 శాతం అనే ఒక గీత గీసింది. ఆ గీత దాటకుండా ఉండటానికి జిల్లాలు వేలాది పిల్లలకు సేవలు నిరాకరించినట్టు 2016లో పత్రికా పరిశోధన బయటపెట్టగా, 2018లో ఫెడరల్ విద్యాశాఖ అది చట్ట ఉల్లంఘనేనని తేల్చింది.

మన దగ్గర సమస్య దానికి అవతలి కొసన ఉంది. అక్కడ ఎక్కువ లెక్కిస్తారన్న భయం, ఇక్కడ అసలు లెక్కించకపోవడం. 2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం, వికలాంగులున్నారని చెప్పింది. ఢిల్లీలో 2.34 లక్షలని తేలింది; అంటే 1.4 శాతం. రాజధానిలో వైకల్యం తక్కువ కాదు, నమోదు తక్కువ. అద్దె గదుల్లో వలస కుటుంబాలు, ధ్రువపత్రం కోసం ఆసుపత్రి చుట్టూ తిరగలేని దినకూలీ తల్లిదండ్రులు, బిడ్డకు ముద్ర పడుతుందన్న భయం, అన్నీ కలిసి ఆ అంకెను కిందికి లాగుతాయి. తలలెక్కన డబ్బిచ్చే విధానంలో లెక్కకు రాని బిడ్డ ఖజానా దృష్టిలో పుట్టని బిడ్డే.

మార్చవలసింది ఏమిటి?

ఈ చరిత్ర చూపే సంస్కరణ దిశ స్పష్టమే. మొదటిది, ఉపాధ్యాయుణ్ని తలలెక్క నుంచి విడదీయాలి. 2022లో కేంద్రం విద్యా హక్కు చట్టం షెడ్యూలుకు చేసిన సవరణ ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో పదిహేను మందికి ఒకరు అన్న నిష్పత్తి ఇచ్చింది. ఇది మేలైన అడుగు. కానీ 2009 ఢిల్లీ తీర్పులోని బుద్ధిని దానికి జోడించాలి: నమోదు ఎంతైనా ప్రతి బడికీ లేదా ప్రతి బడుల సముదాయానికీ ఒక కనీస కొలువు, ఆపై నిష్పత్తి ప్రకారం అదనం. రెండోది, తలకు ఇచ్చే మొత్తం ఒకే రేటుగా ఉండరాదు. కళ్లద్దాలతో సరిపోయే బిడ్డకూ, రోజంతా తోడు కావలసిన సెరిబ్రల్ పాల్సీ బిడ్డకూ ఒకే 3,500 అన్నది సమానత్వం కాదు, గుమాస్తా సౌకర్యం. సుప్రీంకోర్టు 2021లో తాత్కాలికంగా సూచించిన నిష్పత్తులు వైకల్యాన్ని బట్టి మారాయి: సెరిబ్రల్ పాల్సీకి ఎనిమిది మందికి ఒకరు, మేధో వైకల్యానికీ ఆటిజానికీ అయిదుగురికి ఒకరు, చూపూ వినికిడీ రెండూ లేనివారికి ఇద్దరికి ఒకరు. తీవ్రతను బట్టి ఖర్చు మారుతుందని కోర్టుకు అర్థమైనది ఖజానాకు అర్థం కాకపోవడానికి కారణం లేదు.

మూడోది అన్నిటికంటే రాజకీయమైనది. ఈ జీతాల భారంలో కేంద్రం వాటా ఎంత అన్నది పథకాల గది నుంచి బయటికి రావాలి. విద్యా హక్కు చట్టం 7వ సెక్షన్‌లోని నాలుగో ఉపనిబంధన ప్రకారం రాష్ట్రాలకు అదనపు వనరుల అవసరాన్ని ఆర్థిక సంఘానికి నివేదించమని కేంద్రం రాష్ట్రపతిని కోరవచ్చు. పదమూడో ఆర్థిక సంఘం 2010-15 మధ్య ప్రాథమిక విద్యకు 24,068 కోట్ల ప్రత్యేక గ్రాంటు ఇచ్చిన పూర్వోదాహరణ ఉంది. ఆర్థిక సంఘం ఇచ్చేది ఏ ఒప్పందం మీద సంతకంతోనూ ముడిపడదు. శాస్త్రి భవన్‌లో తాళం పడదు. దాని పరిధిలో లేని ఢిల్లీ వంటి ప్రాంతాలకు కేంద్ర బడ్జెట్‌లోనే సమాంతర ఏర్పాటు ఉండాలి.

దీనికి ఒక ప్రతివాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ఒకసారి పోస్టు మంజూరైతే అది ముప్పై ఏళ్ల జీతం, ఆపై పింఛను. అప్పుల్లో ఉన్న రాష్ట్రాలు జంకడం సహజం. కేంద్రం ఈ రోజు 60 ఇచ్చి రేపు 50కి దిగితే తేడా ఎవరు భరించాలి? వాటా 85 నుంచి 60కి జారిన చరిత్ర కళ్లముందే ఉండగా ఆ భయం నిరాధారం కాదు. అందుకే వాటా పథకం మార్గదర్శకాల్లో కాక చట్టబద్ధంగా, దీర్ఘకాలానికి ఖరారు కావాలి. రాష్ట్రాలను నిందించడం తేలిక. కానీ హక్కును కేంద్రం రాసి, బిల్లును రాష్ట్రానికి పంపి, నడుమ ఏడాదికోసారి ఆమోదం తెలిపే ఏర్పాటు ఉన్నంతకాలం కాంట్రాక్టు పంతులే దాని సహజ ఫలితం.

1974లో సంక్షేమ శాఖ మొదలుపెట్టిన పథకంలో బడికి చేరిన తొలితరం పిల్లలకు ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. ఆ మధ్యకాలంలో వారి తర్వాతి తరాలు 'వికలాంగులు' నుంచి 'దివ్యాంగులు' అయ్యారు, సమీకృత విద్య సమ్మిళిత విద్య అయింది, సర్వశిక్ష సమగ్ర శిక్షా అయింది. మారని పేరు ఒక్కటే: వారికి చదువు చెప్పే మనిషిని ఇప్పటికీ అనేక రాష్ట్రాల్లో ప్రాజెక్టు సిబ్బంది అంటారు. ఆ మాట ప్రభుత్వ జీతాల రిజిస్టరులో ఉపాధ్యాయుడు అని మారిన రోజున, ఆ పిల్లలకు చట్టం ఇచ్చిన హక్కు ఖజానాకు కూడా తెలిసినట్టు.